ఎడారిలో ఆరు నెలల ఊరు

*మంచు పడే ప్రాంతాల నుంచి చక్రాల ఇళ్లతో బయల్దేరి, అమెరికా నైరుతి ఎడారుల్లో చలికాలం గడిపే పెద్దవాళ్ల కథ ఇది. అక్టోబరులో పుట్టి ఏప్రిల్‌లో చెదిరిపోయే ఈ ఊళ్లలో ఒకరికొకరు ఇరుగుపొరుగు ఎలా అవుతారు?*

మధ్యాహ్నం మూడు దాటింది. అరిజోనా రాష్ట్రంలో 95వ నంబరు హైవే మీద దక్షిణంగా పోతున్న పికప్ ట్రక్కు ఒకటి వేగం తగ్గించి కంకర బాటలోకి తిరిగింది. వెనకాల ముప్పై అడుగుల తెల్లటి ట్రైలరు. నంబరు ప్లేటు కెనడాలోని సస్కాచెవాన్‌ది. రోడ్ల మీద మంచు కరగడానికి అక్కడ చల్లే ఉప్పు బంపరు మీద ఇంకా చారలు కట్టే ఉంది. స్టీరింగు దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన. పక్కన ఆయన భార్య, ఆమె ఒళ్లో ముసలి కుక్క.

ఆమె దిగి ట్రైలరు వెనక్కి నడిచింది. అద్దంలో ఆయనకు కనిపించేలా నిలబడి చేయి ఊపుతోంది. వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, ఎడమకి, చాలు. బండి పూర్తిగా ఆగకముందే చుట్టుపక్కల బండ్ల నుంచి ముగ్గురు నలుగురు లేచి వచ్చారు. ఒకరి చేతిలో చక్రాల కింద పెట్టడానికి చెక్క పలకలు. ఇంకొకరి చేతిలో మన తాపీ మేస్త్రులు వాడే రసమట్టం లాంటిదే, బుడగ ఆడే గొట్టం. మూడో మనిషి ఏమీ తీసుకురాలేదు, కుక్క మెడ నిమిరి దాని పేరు అడిగింది. చీకటి పడేసరికి వాళ్ల గుడారపు పంచ కింద రెండు మడత కుర్చీలు వెలిశాయి. ఇంకో నాలుగైదు కుర్చీలు వాటంతటవే వచ్చి చేరాయి.

నవంబరు నెలలో క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఎడారి ఊరి శివార్లలో ఏ రోజు నిలబడినా కనిపించే దృశ్యమిది. ఇలా వచ్చేవాళ్లకు అమెరికాలో ముద్దుపేరు ‘స్నోబర్డ్స్’. మంచు నుంచి ఎగిరొచ్చే పిట్టలు. చలికాలం మొదలయ్యేసరికి పులికాట్ సరస్సులో దిగే ఫ్లెమింగోలనూ, నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టే కొంగలనూ చూసినవాళ్లకు ఈ పేరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పిట్టల గురించి ఇప్పుడు రెండు దేశాల్లో ఎక్కువగా మాట్లాడుకుంటున్నారు. సుంకాల గొడవ, కెనడాను 51వ రాష్ట్రం చేస్తామన్న మాటలు, సరిహద్దు దగ్గర కొత్త నిబంధనలు కలిసి 2025లో కెనడా వాళ్ల అమెరికా ప్రయాణాలు బాగా తగ్గిపోయాయి. ఇరవై ఏళ్లుగా ఒకే చోట చలికాలం గడిపినవాళ్లు కొందరు ట్రైలర్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఏటా పక్కనే దిగే మనిషి ఈసారి రాకపోతే ఆ ఖాళీ ఎంత పెద్దదో, ఈ ఊళ్ల లోపలి జీవితం తెలిస్తేనే అర్థమవుతుంది.

చక్రాల మీద ఇల్లు ఎందుకు?

ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. లోపల మంచం, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాలగది, మరుగుదొడ్డి ఉండే బండి. ఇంజను కూడా దానికే ఉంటే మోటార్ హోమ్. పికప్‌కు తగిలించి లాగేది ట్రైలరు. ట్రక్కు తొట్టిలో కొక్కెం బిగించి లాగే పెద్దదాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ఆగిన చోట మీట నొక్కితే గోడలు బయటికి జరిగి గది వెడల్పయ్యే బండ్లూ ఉన్నాయి.

సెలవుల్లో వారం రోజులు తిరగడానికి పుట్టిన ఈ బండి, పెద్దవాళ్లకు ఆరు నెలల ఇల్లు కావడం వెనక చాలా కారణాలు కలిశాయి. 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం వల్ల వయసు మళ్లినవాళ్లకు నెలనెలా కొంత డబ్బు చేతికందింది. 1956 తర్వాత వేసిన ఇంటర్‌స్టేట్ హైవేలు దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపాయి. 1965లో వచ్చిన మెడికేర్, అరవై అయిదు దాటినవాళ్లకు వైద్య ఖర్చుల భయం కొంత తగ్గించింది. ఫీనిక్స్ పక్కన 1960 జనవరి 1న ఇళ్ల నిర్మాణదారు డెల్ వెబ్ తెరిచిన సన్ సిటీ, రిటైరైనవాళ్లు ఎండలో కొత్త జీవితం మొదలుపెట్టవచ్చనే కోరికను ఇంటింటికీ చేర్చింది. అక్కడ ఇల్లు కొనగలిగినవాళ్లు కొన్నారు. కొనలేనివాళ్లూ, సొంతూరిని పూర్తిగా వదులుకోవడం ఇష్టంలేనివాళ్లూ బండి కట్టారు.

వాతావరణం సంగతి సరేసరి. మినసోటా, నార్త్ డకోటా, ఆల్బర్టాల్లో జనవరి రాత్రి సున్నాకు ఇరవై, ముప్పై డిగ్రీల కింద ఉంటుంది. వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తూ గుండెనొప్పి వచ్చి పడిపోయేవాళ్లు అక్కడ ఏటా ఉంటారు. జారిపడి తుంటి విరిగితే ఆ వయసులో మళ్లీ లేవడం కష్టం. అదే జనవరిలో క్వార్ట్జ్‌సైట్‌లో పగలు దాదాపు ఇరవై డిగ్రీల పొడి ఎండ, రాత్రి నాలుగైదు డిగ్రీలు. కీళ్లనొప్పుల మనిషికి ఆ ఎండ మందుతో సమానం. చలికాలం ఎడారికి పోవడం వీళ్లలో చాలామందికి విలాసం కాదు, ఇంకో ఏడాది తమ కాళ్ల మీద తాము నిలబడటం.

ఊరు చిన్నది, శివారు పెద్దది

కొలరాడో నదికి తూర్పున ఇరవై మైళ్ల దూరంలో, 10వ నంబరు ఇంటర్‌స్టేట్, 95వ నంబరు హైవే కలిసేచోట ఉంది క్వార్ట్జ్‌సైట్. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్నది 2,413 మంది. జులైలో నలభై రెండు డిగ్రీలు దాటే ఎండకు వీధుల్లో కుక్క కూడా కనిపించదు. దుకాణాలు సగం మూసే ఉంటాయి. జనవరిలో అదే చోట చూపు ఆనినంత మేర తెల్లటి బండ్లు. సీజను మొత్తం మీద లక్షల్లో వచ్చిపోతారు. మేడారం జాతరకు అడవిలో ఊరు మొలవడం చూసినవాళ్లు దీన్ని ఊహించుకోగలరు. జాతర నాలుగు రోజులది, ఇది ఆరు నెలలది.

ఊరి చుట్టూ ఉన్న ఎడారి చాలావరకు కేంద్ర ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖ దాన్ని చూస్తుంది. పూర్వం జనం ఇష్టమొచ్చిన చోట దిగేవారు. నేల పాడవుతోందనీ, చెత్త పేరుకుంటోందనీ 1983లో ఆ శాఖ ఎక్కువకాలం ఉండేవాళ్ల కోసం కొన్ని చోట్లు కేటాయించింది. ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా వాటిలో పెద్దది, దాదాపు 11,400 ఎకరాలు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలు ఉండటానికి చాలా ఏళ్లపాటు తీసుకున్న రుసుము 180 డాలర్లు. మన లెక్కలో పదిహేను వేల రూపాయల చిల్లర. దానికి కరెంటు రాదు, కుళాయి బండి దగ్గరికి రాదు. తాగునీరు పట్టుకోవడానికి ఒక చోటు, మురుగు వదలడానికి ఒక చోటు, చెత్త వేయడానికి ఒక చోటు ఉంటాయి. మిగతాదంతా ఆకాశం. ఆ రుసుము కూడా కట్టలేనివాళ్లు మిగతా ప్రభుత్వ భూమిలో పద్నాలుగు రోజులు ఉచితంగా ఉండి, తర్వాత చోటు మారాలి.

> ఒంటెల హై జాలీ
>
> క్వార్ట్జ్‌సైట్ శ్మశానంలో పిరమిడ్ ఆకారంలో ఒక సమాధి. కొసన రాగి ఒంటె బొమ్మ. ఎడారి ప్రయాణాలకు ఒంటెలు పనికొస్తాయేమో చూడాలని అమెరికా కాంగ్రెస్ 1855లో 30,000 డాలర్లు ఇచ్చింది. మరుసటి ఏడాది టెక్సాస్ తీరంలో ఒంటెలతోపాటు ఓడ దిగినవాళ్లలో ఒట్టోమన్ రాజ్యం నుంచి వచ్చిన హాజీ అలీ ఒకడు. నోరు తిరగని సైనికులు ‘హై జాలీ’ అన్నారు. అంతర్యుద్ధం రావడంతో ఒంటెల ప్రయోగం మూలపడింది. ఆయన మాత్రం తిరిగి పోలేదు. గని పనులు, సరుకు రవాణా చేసుకుంటూ ఈ ఎడారిలోనే బతికి 1902లో ఇక్కడే చనిపోయాడు. 1935లో అరిజోనా హైవే శాఖ ఈ సమాధి కట్టించింది. చలికాలం వచ్చే ప్రతి కొత్త మనిషినీ పాతవాళ్లు ముందు ఇక్కడికే తీసుకొస్తారు.

దిగడం తేలిక, కుదురుకోవడం కష్టం

మొదటిసారి వచ్చినవాళ్లకు మొదటి వారం రోజులు నిజంగా అవస్థే. బండి మట్టసంగా లేకపోతే ఫ్రిజ్ సరిగా పనిచేయదు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, రాత్రి తలకాయ పల్లంలో పెట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది. అందుకే చక్రాల కింద పలకలు పెట్టి, నాలుగు మూలలా జాకీలు దించి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సవరించుకోవాలి. ఎండు వాగులో మాత్రం దిగకూడదు. ఇక్కడ ఏడాదికి పడేది నాలుగైదు అంగుళాల వానే అయినా, ఎక్కడో కొండల్లో కురిసింది నిమిషాల్లో వాగు పట్టుకుని వస్తుంది. ఇసుక మెత్తగా చదునుగా ఉందని ఆశపడి వాగులో బండి పెట్టిన కొత్తవాళ్లను ముందు అక్కడి నుంచి లేపేది పక్కవాళ్లే.

ఇక నీళ్లు. మామూలు ట్రైలరు ట్యాంకులో రెండు వందల లీటర్లకు అటూ ఇటూ పడతాయి. నగరంలో ఇద్దరికి ఒక రోజుకు చాలని ఆ నీళ్లు ఇక్కడ వారం పైగా రావాలి. గిన్నెలు కుళాయి కింద తోమరు, ముందు కాగితంతో తుడిచి, చిన్న టబ్బులో కడుగుతారు. స్నానానికి ఒళ్లు తడుపుకుని నీళ్లు ఆపేయడం, సబ్బు రాసుకోవడం, మళ్లీ తిప్పి కడుక్కోవడం. వాడిన నీళ్లు బండి కింద రెండు వేర్వేరు ట్యాంకుల్లో చేరతాయి. గిన్నెల నీళ్లు, స్నానం నీళ్లు ఒకదాంట్లో, మరుగుదొడ్డిది ఇంకోదాంట్లో. అవి నిండే రోజు లెక్కపెట్టుకుని డంప్ స్టేషనుకు పోవాలి. గొట్టం ముందు మరుగుదొడ్డి ట్యాంకుకు తెరిచి, తర్వాత స్నానపు నీళ్లు వదిలితే ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. ఈ వరస ఒక్కసారి తప్పినవాళ్లు మళ్లీ జన్మలో తప్పరు. కరువు సీమలో బిందె నీళ్లతో ఇల్లు గడిపిన మన అమ్మలు గనక ఇక్కడికి వస్తే, వీళ్లకు రెండు రోజులు శిక్షణ ఇవ్వగలరు.

కరెంటు సంగతి ఇప్పుడు బాగా మారింది. ఒకప్పుడు పొద్దున, సాయంత్రం జనరేటర్ల మోత. లా పోసాలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు. ఇప్పుడు ఎక్కువమంది కప్పు మీద సోలార్ పలకలున్నాయి. చలికాలం సూర్యుడు దక్షిణాన కిందుగా పోతాడు కాబట్టి పలకల్ని అటు వాల్చి కట్టుకుంటారు. బ్యాటరీలు ఎంత నిండాయో చూసుకోవడం ఇక్కడ పొద్దున మొదటి పని, కాఫీ కంటే ముందు. మబ్బు పట్టిన రోజు ఎవరి బ్యాటరీ ఎంతుందని అడగడమే పలకరింపు. గ్యాసు హీటరు వేసుకుని పడుకునేటప్పుడు కిటికీ కొంచెం తెరవాలనీ, విషవాయువు పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవాలనీ పాతవాళ్లు కొత్తవాళ్లకు ఒకటికి పదిసార్లు చెబుతారు. ప్రాణం మీదికి వచ్చే విషయమది.

ఎడారి జంతువులకు కూడా తమ లెక్కలున్నాయి. ప్యాక్‌రాట్ అనే ఎలుక రాత్రిపూట వెచ్చగా ఉంటుందని ఇంజను కిందికి చేరి వైర్లు కొరికేస్తుంది. అందుకని రాత్రి బానెట్ తెరిచి పెట్టి, బండి కింద చిన్న దీపాల దండ వెలిగిస్తారు. దూరం నుంచి చూస్తే ఎడారంతా దీపావళి చేసుకుంటున్నట్టు ఉంటుంది. చిన్న కుక్కల్ని తాడు లేకుండా వదలరు, కొయోటీలు ఎత్తుకుపోతాయి. గాలి ఎప్పుడు లేస్తుందో చెప్పలేం కాబట్టి ఊళ్లోకి పోయేటప్పుడు పంచను తప్పకుండా చుట్టి పెడతారు. మర్చిపోయి వెళితే పక్కవాళ్లు వచ్చి చుట్టేస్తారు.

అప్పుడప్పుడు వాన పడుతుంది. క్రియోసోట్ పొదల ఆకుల మీద నాలుగు చినుకులు పడగానే లేచే ఘాటైన వాసన కోసం జనం బండ్ల తలుపులు తెరిచి బయటికొచ్చి నిలబడతారు. మన దగ్గర తొలకరి మట్టివాసనకు ఎదురుచూసినట్టే.

కుర్చీ తెచ్చుకుని రండి

సాయంత్రం నాలుగు గంటలకు మడత కుర్చీలు కదులుతాయి. ఎవరి కుర్చీ వాళ్లు పట్టుకుని, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని, ఏదో ఒక బండి ముందు గుండ్రంగా కూర్చుంటారు. పిలుపులు అక్కర్లేదు. మన పల్లెల్లో అరుగు చేసిన పని ఇక్కడ ఆ మడత కుర్చీ చేస్తోంది. అరుగు ఇంటితో కట్టేసి ఉంటుంది, ఇది మనిషితో పాటు వస్తుంది.

ఆ గుండ్రంలో మర్యాదలు వేరే. అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడి నుంచి’. రెండోది ‘ఎన్నాళ్లు’. ‘ఏం ఉద్యోగం చేసేవారు’ అని చాలాకాలం దాకా అడగరు. కంపెనీ మేనేజరుగా చేసినాయనా, స్కూలు బస్సు నడిపినాయనా పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరి మురుగు గొట్టాలూ ఒక్కలాంటివే. ఇంటిపేర్లు ఎవరికీ తెలియవు. బండి ముందు చెక్క పలక మీద మొగుడూ పెళ్లాల పేర్లు, సొంతూరు, కింద కుక్క పేరు చెక్కి ఉంటాయి. కుక్క పేరుతోనే మనిషిని గుర్తుపెట్టుకుంటారు.

వారానికోసారి తలా ఒక వంటకం తెచ్చి కలిసి తింటారు. పాట్‌లక్ అంటారు, మన కార్తీక వనభోజనాలే అనుకోండి, ఉసిరి చెట్టు బదులు ఐరన్‌వుడ్ చెట్టు. గిటారు వచ్చినవాళ్లు గిటారు, ఫిడేలు వచ్చినవాళ్లు ఫిడేలు పట్టుకుని చేరతారు. యాభై ఏళ్ల కింద వదిలేసిన వాయిద్యాన్ని ఇక్కడ మళ్లీ పట్టుకున్నవాళ్లు ఎందరో. క్వార్ట్జ్‌సైట్ అనే పేరుకు తగ్గట్టే ఊరి చుట్టూ రంగురాళ్లు దొరుకుతాయి. రాళ్లు కోసి, సానపట్టి, మెరుగుపెట్టే క్లబ్బులున్నాయి. స్థానిక సంఘం 1967 నుంచి ఏటా జనవరిలో నడిపే పౌవౌ రాళ్ల ప్రదర్శన ఈ చలికాలపు జనాన్ని ఇక్కడికి రప్పించిన తొలి ఆకర్షణల్లో ఒకటి.

యూమా, మీసా లాంటి పట్టణాల్లోని ప్రైవేటు ఆర్వీ పార్కుల్లో ఇదే జీవితం కాస్త పద్ధతి ప్రకారం సాగుతుంది. సిమెంటు గచ్చు, కరెంటు మీటరు, నల్లా, మురుగు కనెక్షను, ఈతకొలను, నాట్యశాల, వడ్రంగం షెడ్డు. వెయ్యికి పైగా బండ్లు పట్టే పార్కులున్నాయి. నోటీసు బోర్డు మీద ప్రతి గంటకూ ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఆరింటికి నడక, ఎనిమిదింటికి పికిల్‌బాల్, పదింటికి బొంతలు కుట్టే పని, మధ్యాహ్నం పేకాట. మొదటి సంవత్సరం వచ్చినవాళ్లు అన్నిటికీ పోయి అలిసిపోతారు. రెండో సంవత్సరం తమకు నచ్చిన రెంటికే పోతారు. మూడో సంవత్సరానికి ఆ రెంటిలో ఒకదాన్ని నడిపే బాధ్యత నెత్తిన పడుతుంది. అప్పుడు కుదురుకున్నట్టు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది ఒంటరిగా వచ్చే స్త్రీలు. భర్త పోయాక, అప్పటిదాకా పక్క సీటులో మ్యాపు పట్టుకుని కూర్చున్న మనిషి, అరవై ఎనిమిదో ఏట ట్రైలరు వెనక్కి నడపడం నేర్చుకుంటుంది. ‘ఎందుకమ్మా ఈ వయసులో’ అని పిల్లలు ఫోనులో మొత్తుకుంటారు. ఖాళీ పార్కింగ్ స్థలంలో పొద్దునే శంకువులు పెట్టి నేర్పడానికి, వాళ్లలా ముందు నేర్చుకున్న స్త్రీలు వస్తారు. పొద్దున తొమ్మిదింటికల్లా కిటికీ తెర తీయకపోతే వచ్చి తలుపు తట్టాలని పక్కవాళ్లతో ఒప్పందం ఉంటుంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పద్నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఎందరు పెద్దవాళ్లకు అలాంటి ఒప్పందం ఉంది?

ఎడారిలోనూ ఎచ్చుతగ్గులు

అందరూ సమానమే అనుకుంటే పొరపాటు. చాలా ప్రైవేటు పార్కులు పదేళ్లు దాటిన బండిని గేటు దాటనివ్వవు. యాభై అయిదేళ్లు నిండినవాళ్లకే అనే నియమం ఇంకా ఎక్కువ చోట్ల ఉంది. 1995లో వచ్చిన చట్టం ప్రకారం, నూటికి ఎనభై ఇళ్లలో కనీసం ఒకరికి యాభై అయిదు నిండితే ఇలాంటి నియమం పెట్టుకోవచ్చు. మనవడిని వెంట తెచ్చుకుని పెంచే అమ్మమ్మకు అక్కడ చోటుండదు. నెల అద్దె కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి పైకి పోతుంది. కరెంటు వేరే.

గేటు బయట మిగిలినవాళ్లు కొందరు లా పోసాకు వస్తారు. ఇంకొందరు కాలిఫోర్నియాలో నైలాండ్ పక్కన ఉన్న స్లాబ్ సిటీకి పోతారు. రెండో ప్రపంచయుద్ధ కాలపు సైనిక శిబిరం ఎత్తేశాక మిగిలిన సిమెంటు గచ్చుల మీద దిగుతారు. నీళ్లు లేవు, కరెంటు లేదు, అద్దె లేదు.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఎడారికి వచ్చేవాళ్ల ముఖాలు మారాయి. చలి తప్పించుకోవడానికి కాదు, ఇల్లు పోయి వచ్చారు. పింఛను అద్దెకు చాలక, అద్దె వదిలేసి వ్యానులోకి మారారు. చలికాలం ఇక్కడ ఉండి, వేసవిలో శిబిరాల కాపలాకూ, పండుగల ముందు అమెజాన్ గోదాముల్లో సరుకు సర్దడానికీ పోయే డెబ్బై ఏళ్ల కూలీల జీవితాన్ని జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకంగా రాశారు. దాన్ని క్లోయీ జావ్ సినిమాగా తీస్తే 2021లో ఉత్తమ చిత్రం, దర్శకురాలు, నటి ఆస్కార్లు వచ్చాయి. ఆ సినిమాలో తామే తాములుగా కనిపించిన బాబ్ వెల్స్, లిండా మే, స్వాంకీ ఈ జీవితం గడిపినవాళ్లే. వ్యానులో తక్కువ ఖర్చుతో బతకడం నేర్పడానికి వెల్స్ మొదలుపెట్టిన రబ్బర్ ట్రాంప్ రాండెవూ అనే సమావేశానికి జనం ఏటా క్వార్ట్జ్‌సైట్ ఎడారికే చేరేవారు.

మూడు లక్షల డాలర్ల మోటార్ హోమ్‌లో వచ్చినవాళ్లూ, ఉన్న ఒక్క వ్యానే ఇల్లయినవాళ్లూ నీళ్లు పట్టుకునే వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు. ఎండ ఇద్దరికీ ఒక్కటే. ఏప్రిల్‌లో ఒకరికి తిరిగి పోవడానికి ఇల్లుంది, మరొకరికి లేదు. స్వేచ్ఛ అనే ఒక్క మాటతో ఈ ఇద్దరి కథనూ కలిపి చెప్పేవాళ్లను నేను నమ్మలేను.

> పన్ను కోసం పరదేశం
>
> మెడికేర్ మామూలు దంతవైద్యానికి డబ్బివ్వదు. అందుకే క్వార్ట్జ్‌సైట్, యూమాల నుంచి పెద్దవాళ్లు మెక్సికో సరిహద్దులోని లాస్ ఆల్గొడోనెస్‌కు పోతారు. క్వెచాన్ తెగవారి స్థలంలో బండి నిలిపి, నడుచుకుంటూ సరిహద్దు దాటితే కొన్ని వీధుల్లోనే వందల మంది దంతవైద్యులు. కళ్లజోళ్ల దుకాణాలు, మందుల దుకాణాలు వేరే. పొద్దున వెళ్లి పన్ను కట్టించుకుని, చేపల టాకోలు తిని, సాయంత్రానికి తిరిగొస్తారు. పార్కుల్లో నలుగురు కలిసి ఒకే బండిలో పోవడం, మత్తు దిగని మనిషిని పక్కవాళ్లు చేయి పట్టి నడిపించుకు రావడం మామూలే.

రోజులు లెక్కపెట్టేవాళ్లు

కెనడా నుంచి వచ్చిన ప్రతి బండిలోనూ గోడకు క్యాలెండరు, దాని మీద కొట్టివేతలు ఉంటాయి. ఏడాదిలో 182 రోజులు దాటి అమెరికాలో ఉండకూడదన్న లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఇంకో లెక్క సొంత దేశానిది. ఉదాహరణకు ఆంటారియో రాష్ట్రంవాళ్లు ఏడాదికి కనీసం 153 రోజులు అక్కడ లేకపోతే ప్రభుత్వ ఆరోగ్య రక్షణ పోతుంది. ప్రయాణపు వైద్యబీమా వయసుతో పాటు పెరుగుతుంది, బీపీ మాత్ర మారినా ప్రీమియం మారుతుంది. దీనికి తోడు 2025 ఏప్రిల్ నుంచి ముప్పై రోజులు, అంతకంటే ఎక్కువ ఉండే కెనడా పౌరులు కూడా పేరు నమోదు చేసుకోవాలన్నారు. దశాబ్దాలుగా చేయి ఊపి పంపిన సరిహద్దులో ఇప్పుడు ఫారాలు నింపాలంటే, డబ్బు కంటే మనసుకే ఎక్కువ దెబ్బ తగిలింది.

ఈ రోజుల లెక్క మన ఇళ్లలోనూ ఉంది. అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఇక్కడి ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో విమానమెక్కి, అక్కడ చలి ముదరకముందే అక్టోబరులో దిగుతారు. వాళ్లు చలి నుంచి పారిపోయే పిట్టలైతే, వీళ్లు ఎండ నుంచి. వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా దొరికేది ఆరు నెలలే. వీళ్లూ క్యాలెండరు చూసుకుంటారు, వీళ్లూ బీమా కాగితాలు పదిలంగా పెట్టుకుంటారు.

కానీ ఒక తేడా ఉంది. మన పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి పోతారు. పగలంతా ఎవరూ ఉండని ఇంట్లో, కారు నడపలేక, కిటికీ లోంచి వీధిని చూస్తూ కూర్చుంటారు. సాయంత్రం నాలుగింటికి కుర్చీ పట్టుకుని పోయే చోటు వాళ్లకు లేదు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మనవాళ్ల ఇళ్ల మధ్య పార్కు బల్లల మీద, రెండు పూటలా నడకకు వచ్చిన పెద్దవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని కూర్చునే తీరు గమనిస్తే ఆ ఆకలి తెలుస్తుంది. అక్కడికి రెండు, రెండున్నర గంటల ప్రయాణంలోనే ఆ ఎడారి ఊరు ఉంది.

నేల మీద మిగిలే గీతలు

ఊరికి ఈ జనం వల్ల లాభమూ ఉంది, భారమూ ఉంది. ఆరు నెలల అమ్మకాల మీద వచ్చే పన్నుతో ఏడాది గడవాలి. ఆస్పత్రి కావాలంటే పార్కర్‌కు పోవాలి. గుండెకు సంబంధించిన పెద్ద విషయమైతే ఫీనిక్స్ 130 మైళ్లు.

ఎడారి నేల చూడటానికి మొండిగా ఉంటుంది గానీ చాలా సున్నితం. వేల ఏళ్లుగా గాలి, వాన కలిసి చిన్నచిన్న రాళ్లను పలకలు పరిచినట్టు పేర్చాయి. దాని మీద ఒక్కసారి చక్రం పోతే ఆ గీత దశాబ్దాలు ఉంటుంది. నది అవతల ఉన్న బ్లైత్‌కు ఉత్తరాన ఆదివాసులు అదే నేల గీరి 171 అడుగుల మనిషి బొమ్మ గీశారు. బండ్ల చక్రాలు పడి గీతలు చెదరడంతో ఆ బొమ్మల చుట్టూ కంచె వేయాల్సి వచ్చింది. వందల ఏళ్లు బతికే ఐరన్‌వుడ్ కొమ్మను ఒక సాయంత్రపు చలిమంటకు విరిచేవాళ్లున్నారు. వాళ్లను ఆపేదీ అధికారి కంటే ముందు పక్క బండి మనిషే.

తాళం చెవులు తగిలించే రోజు

మార్చి నెలాఖరుకు గాలి వేడెక్కుతుంది. గోడలు లోపలికి జరుగుతాయి, పంచలు చుట్టుకుంటాయి, ఫోను నంబర్లు మళ్లీ సరిచూసుకుంటారు. ‘నవంబరులో కలుద్దాం’ అనే మాట ప్రతి కిటికీ దగ్గరా వినిపిస్తుంది. ఆ మాట అంటున్నవాళ్లకు ఎనభై ఏళ్లు. అందరూ రారని అందరికీ తెలుసు. అయినా అంటారు.

ఆర్వీ జనం భాషలో ‘తాళం చెవులు తగిలించేయడం’ అంటే ఇక బండి నడపడం మానుకోవడం. చూపు మందగించాకనో, ఒకసారి రోడ్డు మీద కళ్లు తిరిగాకనో ఆ రోజు వస్తుంది. కొందరు పిల్లల దగ్గరికి పోతారు. కొందరు పార్కులోనే చక్రాలు తీయించేసి, ఏడాదంతా అక్కడే ఉండిపోతారు, నలభై రెండు డిగ్రీల జులైతో సహా. ఊరెళ్లని పొరుగువాళ్లకు వేసవిలో ఫోను చేసి బాగోగులు కనుక్కునే బాధ్యత వెళ్లిపోయినవాళ్లు పంచుకుంటారు.

బండి నడపలేని రోజు వస్తే ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులను చెప్పుకోవాలి. 1978లో వాళ్లు ఎస్కేపీస్ అనే ఆర్వీ సంఘం పెట్టారు. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ దాని కేంద్రం. ఏడాదంతా తిరుగుతూ ఉండేవాళ్లకు ఉత్తరాలు చేరాలన్నా, డ్రైవింగ్ లైసెన్సు కావాలన్నా, ఓటు ఉండాలన్నా ఒక చిరునామా కావాలి. ఇల్లు అమ్మేసి బండెక్కిన వేలమంది లివింగ్‌స్టన్ చిరునామానే తమదిగా రాయించుకున్నారు. సంఘం వాళ్ల ఉత్తరాలన్నీ అక్కడ అందుకుని, ఈ నెల ఎడారిలో ఉన్నవాళ్లకు ఎడారికి, వచ్చే నెల కొండల్లో ఉండేవాళ్లకు కొండలకు పంపుతుంది.

ఆ కేంద్రం ఆవరణలోనే ఇక తిరగలేనివాళ్ల కోసం ఒక కేర్ సెంటరు ఉంది. అక్కడికి చేరినవాళ్లు తమ బండిలోనే ఉంటారు, తమ మంచం మీదే పడుకుంటారు. భోజనం వండి పెడతారు, పగలు కనిపెట్టి చూసేవాళ్లుంటారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఇరవై ఏళ్లుగా లైసెన్సు మీద మోస్తూ తిరిగిన చిరునామాలో వాళ్లు మొదటిసారి కాపురముంటారు. ఉత్తరాలు ఇక ఎక్కడికీ పంపనక్కర్లేదు.